నేలపాటకు లెవల్ చూసిన రోజు

ఆ యంత్రం మీద నేను రాసిచ్చిన నివేదిక పదకొండు పేజీలు. అందులో ఒక్క అబద్ధం లేదు. కొలతలన్నీ పద్ధతిగా ఉన్నాయని పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా. అయినా అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు. జేబులోంచి ఫోను తీసి బొటనవేలితో రికార్డు చేసేసుకునే మీకు ఈ గొడవంతా విడ్డూరంగా అనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టండి.

నేను అనంతపురంలో ఒక రేడియో కేంద్రంలో రికార్డింగ్ పని చేసి రిటైరయ్యాను. మాది ఉరవకొండ దగ్గర పల్లె. రైతుల మాటలు, పల్లె పాటలు రికార్డు చేసుకురావడం కోసం జిల్లాలో నేను దిగని బస్టాపు లేదు. భుజానికి స్పూలు టేపురికార్డరు, చేతిలో ఒక మైకు. నలుగురు పాడినా, నలభైమంది ఎగిరినా అంతా ఆ ఒక్క మైకులోంచే రావాలి. గాలి వీచిందంటే ముందు గాలి, తర్వాత పాట. ఒకసారి వేరుశనగ రైతుతో ముఖాముఖి చేసుకొస్తే, స్టూడియోలో విన్నవాళ్లు తుఫాను వార్తలా ఉందన్నారు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. ఒక కంపెనీవాళ్లు ఎనిమిది చానెళ్ల రికార్డరు ఒకటి మా కేంద్రానికి పరీక్ష కోసం పంపారు. టిఫిన్ క్యారియరంత పెట్టె. ఎనిమిది మైకులు ఒకేసారి తగిలించవచ్చు, ఎనిమిదింటినీ విడివిడిగా రికార్డు చేస్తుంది. టేపు లేదు, లోపల కంప్యూటరులో ఉండే డిస్కు లాంటిది ఉంది. నెల రోజులు వాడి చూసి, బయట పనికి పనికొస్తుందో లేదో నివేదిక ఇమ్మని మా అధికారి నన్ను పిలిచి చెప్పాడు. నేను రాసేదాన్ని బట్టే కొనడమా మానడమా అని తేలుతుందట. ఆ మాట వినగానే నాకు కొంచెం మెడ నిటారుగా అయిన మాట నిజం.

గ్రామీణ కార్యక్రమాలు చూసే మేడమ్ విజయవాడ వైపు నుంచి వచ్చిన మనిషి. పల్లె పాటలంటే ప్రాణం. ఆమె చేతిలో అప్పటికే ఒక ఉత్తరం ఉంది. కుందుర్పి దాటి కొంతదూరం పోతే వచ్చే ఒక పల్లెలో చెక్కభజన నేర్పే గురువు రాయించి పంపిన ఉత్తరం అది.

చెక్కభజన మీరు చూసే ఉంటారు. కాళ్లకు గజ్జెలు, చేతుల్లో చెక్కలు, పది పదహారు మంది గుండ్రంగా అడుగులు వేస్తూ పాడతారు. ఈ బృందానికి ఒక కట్టుబాటు ఉంది. భజన ముగిశాక చూసేవాళ్లంతా ఇళ్లకు వెళ్లిపోవాలి. అప్పుడు గురువు ఒక్కడే నేల మీద చెయ్యి ఆనించి, వంగి, ఒక పాట పాడతాడు. రాత్రంతా నిన్ను తొక్కినాము, మమ్మల్ని మన్నించు అని నేలను వేడుకునే పాట. దాన్ని వాళ్లు నేలపాట అంటారు. శిష్యులు చుట్టూ నిలబడి మెల్లగా అడుగు మాత్రం వేస్తారు. గురువు నోరు నేలకు దగ్గరగా ఉంటుంది, పక్కన గజ్జెల చప్పుడు ఉంటుంది. అందువల్ల ఏళ్ల తరబడి పక్కనే ఉన్న శిష్యులకు కూడా గొణుగుడు తప్ప పాట వినపడదు. గురువు భజన మానుకునే నాడు పెద్ద శిష్యుణ్ణి కూర్చోబెట్టుకుని అది నేర్పుతాడు. ఉత్తరం రాయించిన ఈయనకూ అలాగే వచ్చింది.

ఆ పెద్దాయనకు గొంతులో గడ్డ లేచింది. బెంగళూరులో డాక్టర్లు గొంతుపెట్టె తీసేయాలన్నారు. తీసేస్తే ఇక మాట ఉండదు. తేదీ కూడా ఇచ్చారు. నేలపాట మాటలైతే నోటుబుక్కులో రాయించి పెట్టాడు గానీ, వరుస ఎవరు రాసిపెట్టగలరు? పదిసార్లు పాడి వినిపిస్తే గానీ శిష్యుడికి పట్టుబడదు. పదిసార్లు పాడే గొంతు ఆయనకు మిగల్లేదు. "ఒకసారైతే పాడగలను. మీరు పట్టుకొని క్యాసెట్టు చేసిస్తే అది నూరుసార్లు పాడుతుంది" అని ఉత్తరంలో ఉంది.

మేడమ్ ఆ ఉత్తరం నా ముందు పెట్టి, "మీ కొత్త మిషన్ ఉంది కదండీ, ఆయన నోటి దగ్గర ఒక మైకు పెడితే గజ్జెల్లో కలవకుండా వస్తుంది కదా?" అంది. వస్తుందని చెప్పాను. పరీక్షకు ఇంతకంటే మంచి సందర్భం దొరకదు కూడా అనుకున్నాను. చూడండి, ఆ మనిషికి అది పాట. నాకు సందర్భం.

ఎండలు ముదురుతున్న కాలం. పొద్దున్నే జీపులో బయల్దేరి, కళ్యాణదుర్గంలో ఉగ్గాని తిని, పది గంటలకు ఆ ఊరు చేరాం. బడికి సెలవు. బడి ముందున్న మట్టి నేల మీద భజన ఏర్పాటు చేశారు. పెద్దాయన తెల్ల పంచె, తలగుడ్డతో ఎదురొచ్చి చేతులు జోడించాడు గానీ నోరు తెరవలేదు. పక్కనున్న పెద్ద శిష్యుడే మాట్లాడాడు. కళ్యాణదుర్గం దారిలో ఆటో తోలే మనిషి, నలభై ఏళ్లుంటాయి.

"రాండి సార్. మీ కోసమే కాసుకోని ఉండాము. యాడ నిలబడమంటే ఆడ నిలబడతాము" అన్నాడు.

ఎనిమిది మైకులు సర్దడానికి గంట పట్టింది. ఆరు మైకులు చుట్టూ అడుగుల కోసం, ఒకటి మద్దెలకు. ఎనిమిదోది చిన్న మేకుకు కట్టి, పెద్దాయన వంగితే నోటికి జానెడు దూరంలో ఉండేలా నేల మీద పెట్టాను. గాలికి అడ్డంగా దానికి స్పాంజి తొడుగు. అంతా చూసి నాకే ముచ్చటేసింది.

అధికారులు ఇచ్చిన ఫారంలో ఒక పట్టిక ఉంది. ఒకే గాయకుడి గొంతును మెల్లని స్వరంలో, మామూలు స్వరంలో, హెచ్చు స్వరంలో కొలిచి మూడు రీడింగులు రాయాలి. శిష్యులుంటే గజ్జెల చప్పుడు వస్తుందని వాళ్లను దూరంగా బోరింగు దగ్గరికి పంపేశాను. పెద్దాయన, మేడమ్, నేను మిగిలాం. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని అట్ట మీద ఫారం పెట్టుకున్నాను.

"సామీ, మెల్లగా కొంచెం పాడండి" అన్నాను.

ఆయన తలగుడ్డ తీసి పక్కన పెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని, అరచెయ్యి నేలకు ఆనించి, వంగాడు.

"తొక్కినామే తల్లీ తొక్కినామే, రేయంతా నీ రొమ్ము తొక్కినామే..."

ఆ గొంతు ఎలా ఉందో చెప్పడం నా వల్ల కాదు. కాస్త జీర ఉంది, కానీ ఎక్కడా వణుకు లేదు. తప్పు చేసిన పిల్లవాడు తల్లి ఒళ్లో మొహం పెట్టుకుని చెప్పుకుంటున్నట్టు ఉంది. నా చెవుల్లో, నా ఒక్కడి చెవుల్లో, అంత దగ్గరగా. నేను పెట్టె తెరమీద ఎగిరే ఆకుపచ్చ గీతలు చూసి, ఫారంలో అంకె వేశాను. ఆయన మొదటి చరణం పూర్తిచేసి ఆగాడు.

"బాగుంది సామీ. ఇప్పుడు మామూలుగా."

రెండో చరణం. వరుస ఒకచోట కిందికి దిగి, ఒక్క క్షణం ఆగి, ఊహించని చోటి నుంచి పైకి లేచింది. అంకె వేశాను.

"ఇప్పుడు గట్టిగా."

పెద్దాయన తలెత్తి, "ఇది గట్టిగా పాడేది కాదు సారూ" అన్నాడు. ఆ పొద్దు ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

"ఒక్క రీడింగు కోసం సామీ" అన్నాను.

ఆయన మళ్లీ వంగి మూడో చరణం పాడాడు. గట్టిగా అంటే పక్క గదిలోకి వినపడేంత, అంతే. చివరి పాదం దగ్గర ఊపిరి అందక ఆగి, మళ్లీ అందుకుని పూర్తి చేశాడు. మేడమ్ నా భుజం తట్టి మెల్లగా అడిగింది.

"రికార్డవుతోంది కదండీ?"

"లేదు మేడమ్, లెవల్ చూస్తున్నా" అన్నాను.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. స్పూలు టేపు పావుగంటకు మించి వచ్చేది కాదు. అది కూడా స్టోరులో బతిమాలి తెచ్చుకోవాలి. అందుకని ఉద్యోగంలో చేరిన మొదటి వారమే మా సీనియర్ నాకు నేర్పిన మొదటి పని ఏమిటంటే, లెవల్ చూసేటప్పుడు, అంటే గొంతు ఎంత హెచ్చుగా వస్తోందో సరిచూసుకునేటప్పుడు, టేపు తిప్పకూడదు. ఎంత గొప్ప గాయకుడైనా సరే, ముందు పాడించి, మీటరు సూది చూసి, ఆపమని చెప్పి, అప్పుడు బటన్ నొక్కాలి. పాతికేళ్లు అదే చేశాను. ఈ కొత్త పెట్టెలో గంటల తరబడి రికార్డు చేసే చోటుంది. మొదటి నుంచీ నొక్కి ఉంచినా ఎవరి సొమ్మూ పోదు. ఆ సంగతి నివేదిక రెండో పేజీలో నా చేత్తో నేనే రాశాను. కానీ నా వేలు మాత్రం ఇంకా టేపు కాలంలోనే ఉంది.

పెద్దాయన నడుం పట్టుకుని లేచాడు. మొహం తేటగా ఉంది. పెద్ద బరువు దించుకున్నవాడిలా నవ్వి, "అయిపాయనా సారూ? బాగా వచ్చిందా?" అన్నాడు.

ఆయన అది రికార్డింగే అనుకున్నాడు. ఉన్నదంతా పెట్టి పాడేశాడు.

"ఇప్పుడు మొదలుపెడదాం సామీ. ఇంతసేపూ మిషన్ సరిచూసుకున్నా" అన్నాను.

ఆయన మొహంలో నవ్వు వెంటనే పోలేదు. మెల్లగా, ఒక్కో ముడతలోంచీ పోయింది. వేడినీళ్లు తాగి, శిష్యుల్ని రమ్మని చెయ్యి ఊపాడు.

అసలు రికార్డింగులో మొదటి చరణం పరవాలేదు. రెండో చరణం సగంలో గొంతు పగిలింది. దిగే చోట దిగాడు, కానీ లేవాల్సిన చోట గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన చెయ్యి నేలకు ఆనించే ఉంచాడు. శిష్యులు అడుగు ఆపలేదు. మూడో చరణమంతా పెదవులు మాత్రం కదిలాయి. "కాసేపు ఆగి ఇంకోసారి చూద్దాం సామీ" అన్నాను. ఆగాం. చూశాం. ఈసారి మొదటి చరణం కూడా రాలేదు. ఎనిమిది చానెళ్లూ అద్భుతంగా పనిచేశాయి. గజ్జెల్లో ఏ గజ్జె ఎవరిదో కూడా విడిగా వినపడుతోంది.

తిరుగు ప్రయాణంలో మేడమ్ కళ్యాణదుర్గంలో జీపు ఆపించింది. అక్కడ టీ తాగేటప్పుడు, "మీరు విన్నారు కదా, ఎలా పాడారు?" అని అడిగింది. నేను గ్లాసు కింద పెట్టి, వెళ్లి జీపులో కూర్చున్నాను. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది.

నివేదికలో లోపాలు అనే చోట "పరికరంలో ఏవీ లేవు" అని రాశాను. సూచనలు అనే చోట మాత్రం, "లెవల్ చూసేటప్పుడు కూడా రికార్డు బటన్ నొక్కి ఉంచవలెను" అని ఒక వాక్యం చేర్చాను. మా అధికారి ఎర్రసిరాతో దాన్ని కొట్టేశాడు. "ఇది మిషన్ గురించి కాదయ్యా, మనిషి గురించి" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

నెలన్నర తర్వాత ఒక ఆదివారం నేనొక్కణ్ణే బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. సంచిలో క్యాసెట్టు ఉంది. ఆపరేషన్ అయి పెద్దాయన ఇంటికి వచ్చేశాడు. మెడకు అడ్డంగా తెల్లగుడ్డ కట్టుకుని వసారాలో మంచం మీద కూర్చున్నాడు. చిక్కిపోయాడు గానీ కళ్లు అవే. చేతుల్తో ఏదో అన్నాడు. ఆయన భార్య పక్కనే నిలబడి నాకు చెప్పింది. "ఎండలో వచ్చినావు, ముందు నీళ్లు తాగమంటాండాడు."

పెద్ద శిష్యుడు, ఇంకో నలుగురు వచ్చారు. క్యాసెట్టు పెట్టాం. మొదటి చరణం వింటూ అందరూ తలలూపారు. రెండో చరణం పగిలిన చోట శిష్యుడు టేపు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విన్నాడు. మూడుసార్లు విన్నాడు.

"ఈడ ఏమి చేస్తాడో తెలీలేదు సార్. మల్లొకటి బాగా పాడింది ఉంటాది కదా, అది లేదా?" అన్నాడు.

అప్పుడు చెప్పాను. మొదట ఆయన మూడు చరణాలూ పాడాడనీ, నేను కొలతలు రాసుకున్నాననీ, బటన్ నొక్కలేదనీ. దాచుకోవచ్చు. పెద్దాయన ఆ సంగతి ఎవరికీ చెప్పినట్టు లేదు. కానీ అంత దూరం నేను క్యాసెట్టు ఇవ్వడానికి మాత్రమే వెళ్లలేదని, ఆ మంచం ముందు కూర్చున్నాకే నాకు అర్థమైంది.

శిష్యుడు లేచి నిలబడ్డాడు. "అంటే ఆ పొద్దు గురువయ్య పాడింది గాలికి పాయనా సార్? ఎనిమిది దినాలు సార్. ఎనిమిది దినాలు ఎవురితో మాట్లాడకుండా, నీళ్లు కావల్లన్నా సైగ చేసి, దాపెట్టుకున్న గొంతు అది. మీరు లెక్కలు రాసుకోడానికా?"

"అవునప్పా. తప్పు నాదే" అన్నాను.

పెద్దాయన మంచం పట్టె మీద వేళ్లతో గట్టిగా కొట్టాడు. అందరం అటు చూశాం. ఆయన తన రెండు చెవుల మీద అరచేతులు పెట్టుకుని, తర్వాత నా వైపు వేలు చూపించాడు. భార్య ఆయన మొహంలోకి చూసి అంది.

"ఆ పొద్దు చెవులకు పెట్టుకోనింటివి కదా నాయనా, నువ్వు ఇంటివా అని అడుగుతాండాడు."

"విన్నానమ్మా."

"ఎంతవరకు?"

"అంతా విన్నా."

పెద్దాయన అరచెయ్యి మంచం మీద ఆనించి, శిష్యుడి వైపు గడ్డం ఊపాడు. "అయితే పాడి వానికి నేర్పీమంటాండాడు" అంది ఆమె.

నాకు పాట రాదు. పాడించడమే తప్ప పాడి ఎరగను. మా ఇంట్లో నేను కూనిరాగం తీస్తే మా ఆవిడ రేడియో పెట్టేది. ఆ మాటే చెప్పాను. ఆమె నవ్వింది గానీ పెద్దాయన నవ్వలేదు. నిజం చెప్పాలంటే ఆ నెలన్నరా నేను ఆ పాట వింటూనే ఉన్నాను. బస్సులో, అన్నం దగ్గర, స్టూడియోలో ఇంకెవరో పాడుతుంటే దాని వెనకాల. మరిచిపోదామన్నా పోలేదు. పాతికేళ్లుగా వినడం ఒక్కటే నా పని కదా.

ఆ ఆదివారం మొదలు ఆరు ఆదివారాలు వెళ్లాను. వసారాలో నేల మీద కూర్చుని, సిగ్గు విడిచి పాడేవాణ్ణి. శిష్యుడు అందుకునేవాడు. మొదటి వారం నా మొహం చూడకుండా నేర్చుకున్నాడు. రెండో వారం నేను శ్రుతి తప్పితే దగ్గాడు. మూడో వారానికి, "సార్, మీరు పాడొద్దు, చేత్తో చూపీండి చాలు" అన్నాడు. పెద్దాయన కళ్లు మూసుకుని వినేవాడు. సరిగ్గా ఉంటే వేలితో పట్టె మీద ఒక దెబ్బ. తప్పితే అడ్డంగా తల. మూడో చరణంలో ఊపిరి అందక ఆయన ఆగిన చోటును కూడా నేను పాటలో భాగమనుకుని నేర్పాను. ఆయన కళ్లు తెరిచి, తన గొంతు మీది గుడ్డ చూపించి, అది పాట కాదు, జబ్బు అన్నట్టు చెయ్యి ఊపాడు. అది తీసేశాం.

రెండో చరణంలో దిగి, ఆగి, లేచే చోటు మాత్రం కుదరలేదు. నా చెవిలో స్పష్టంగా ఉంది, గొంతులోకి రాదు. శిష్యుడికి ఎలా చెప్పినా ఒక మెట్టు ముందే లేచేవాడు. పెద్దాయన తల అడ్డంగా ఊగుతూనే ఉంది. అయిదో ఆదివారం కూడా అలాగే తిరిగొచ్చాను. నేను నిజంగానే అలా విన్నానా, లేక ఇన్నాళ్లలో సొంతంగా ఏదో కల్పించుకున్నానా అని భయం పట్టుకుంది. నా చెవిదే తప్పయితే, పెద్దాయన కాదనగలడు గానీ ఒప్పేదో పాడి చూపించలేడు. దాన్ని సరిచూసుకోవడానికి ఇంకో ప్రతి ఎక్కడా లేదు.

ఆరో ఆదివారం శిష్యుడు కంగారుపడుతుంటే, నేను అతని చెయ్యి పట్టుకుని నేలకు ఆనించి, "ఈడ ఆగప్పా. నేల ఏమన్నా అంటుందేమో అని విను. విన్నాక లెయ్" అన్నాను. ఆ మాట ఎందుకొచ్చిందో తెలియదు. కళ్లు మూసుకుని, నా పాడు గొంతుతో నేనే ముందు ఆ చోటు పాడాను. దిగాను, ఆగాను, లేచాను. వెంటనే శిష్యుడు అందుకున్నాడు. అతని గొంతు మంచిది. వసారా నిండిపోయింది.

పట్టె మీద దెబ్బ వినపడలేదు. భయపడుతూ కళ్లు తెరిచాను. పెద్దాయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి చేతులు తీసి, నన్ను చూపించి, గొంతు దగ్గర వేళ్లు ఆడించి, మొహం చిట్లించాడు. తర్వాత తన గుండె మీద అరచెయ్యి వేసుకున్నాడు.

ఆయన భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ చెప్పింది.

"నీ గొంతు అస్సలు బాగలేదంట నాయనా. పాట మాత్రం ఆయన్దేనంట."